కాల్‌బాయ్ తలుపు తట్టిన వీధి

పోయిన నెల ఈ శీర్షికలో బిట్రగుంట రైల్వే కాలనీ గురించి, అందులోనూ లోకో షెడ్డు గేటు దగ్గర మొదలై ఇన్‌స్టిట్యూట్ (రైల్వే వాళ్ల క్లబ్బు) దాకా పోయే మా వీధి గురించి రాశాను. 1959లో నేను పుట్టింది ఆ వీధిలోనే. మా తాత షెడ్డులో బాయిలర్ పని చేశాడు, మా నాయన ఇంజను నడిపాడు, నేను కావలిలో పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. తెలిసినవాళ్లు రాయండి, తెలియనివాళ్లు అడగండి అన్నందుకు ఉత్తరాలు బాగానే వచ్చాయి. అన్నిటికీ ఇక్కడ చోటు చాలదు. ఎక్కువమంది అడిగినవీ, నేను చూసిన దాన్నుంచి చెప్పగలిగినవీ తీసుకున్నాను.

ప్రశ్న: టీచరమ్మ గారికి నమస్కారం. పక్కనే కావలి ఉంది, కాస్త దిగువకు పోతే నెల్లూరే ఉంది. ఆ రెండూ వదిలేసి అంత పెద్ద షెడ్డు, అన్ని క్వార్టర్లు బిట్రగుంటలో ఎందుకు కట్టారు? (ఒంగోలు నుంచి ఒక ఇంజనీరింగ్ విద్యార్థి)

జవాబు: దూరం చూడు నాయనా, జవాబు అందులోనే ఉంది. విజయవాడ నుంచి చెన్నై సెంట్రల్‌కు 430 కిలోమీటర్ల పైచిలుకు. మా ఊరు ఇంచుమించు దాని నడిమధ్యన పడుతుంది. ఇటు పోయినా, అటు పోయినా రెండొందల చిల్లర. బొగ్గు ఇంజనుకు అంత దూరమే ఎక్కువ. దోవలో నీళ్లు పట్టుకోవచ్చు గానీ, పొయ్యి సంగతి నీళ్లతో తీరేది కాదు. బొగ్గు కాలేకొద్దీ బూడిద కింద పేరుకుంటుంది, బొగ్గులోని మట్టి కరిగి చిట్టెం కడుతుంది. గాలి ఆడదు. గాలి ఆడకపోతే మంట లేవదు, ఆవిరి పడిపోతుంది. ఎక్కడో ఒకచోట ఇంజనును బండి నుంచి విడదీసి, బూడిద గుంట మీద నిలబెట్టి, చిట్టెం పగలగొట్టి లాగెయ్యాలి. బొగ్గు నింపాలి, నూనెలు పొయ్యాలి. తిరుగు ప్రయాణానికి ముఖం అటు తిరగాలి గనక టర్న్‌టేబుల్ ఎక్కించి తిప్పాలి. కొన్నాళ్లకొకసారి బాయిలర్ మొత్తం చల్లార్చి, లోపల పేరుకున్న ఉప్పు పొర కడిగెయ్యాలి. చల్లారినదాన్ని మళ్లీ ఆవిరికి తేవాలంటే గంటల పని.

ఇవన్నీ చెయ్యడానికి ఫిట్టర్లు, బాయిలర్ మిస్త్రీలు, బొగ్గు కూలీలు, క్లీనర్లు, కలాసీలు కావాలి. వచ్చిన ఇంజను మీద మనుషులు దిగిపోతే ఎక్కడానికి వేరే జట్టు సిద్ధంగా ఉండాలి. వాళ్లంతా పిలిస్తే పలికేంత దగ్గరలో కాపురం ఉండాలి. మా వీధి పుట్టింది అందుకు. "బెజవాడ నుంచొచ్చిన ఇంజను మన గడపలో కాళ్లు కడుక్కుని పోతది" అనేవాడు మా నాయన.

ప్రశ్న: మా ఊరి షెడ్డు 1885లో కట్టారని ఒకరు, ఇంకా తర్వాతని ఒకరు అంటున్నారు. మీ తాతగారి కోటు గుండీల మీద వేరే కంపెనీ అక్షరాలున్నాయని రాశారు. ఏది ఎప్పుడు? (బోగోలు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: బెజవాడ నుంచి మద్రాసుకు రైలుదారి కలిసింది 1899లో. పట్టాలే లేని చోట పద్నాలుగేళ్ల ముందు ఇంజన్ల షెడ్డు కట్టారంటే నాకు మింగుడుపడదు. ఎవరి దగ్గరైనా కాగితం ఉంటే చూపించండి, చూసి ఒప్పుకుంటాను. అంతవరకూ 1899 తర్వాతనే అంటాను.

ఇక గుండీల సంగతి. మొదట ఈ దారి ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వేది. 1901లో దక్షిణపు ముక్క మద్రాసు రైల్వే చేతికి వచ్చింది. 1908లో మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే ఏర్పడింది. మా తాత ఇత్తడి గుండీల మీద ఉన్న ఎం.ఎస్.ఎం. అక్షరాలు ఆ కంపెనీవే. 1951 ఏప్రిల్ 14న అది సదరన్ రైల్వేలో కలిసిపోయింది. 1966 అక్టోబరు 2న సౌత్ సెంట్రల్ రైల్వే వచ్చింది, విజయవాడ డివిజనుతో పాటు మేమూ అందులోకి పోయాం. అప్పుడు నాకు ఏడేళ్లు. మా నాయన సదరన్ రైల్వేలో చేరి సౌత్ సెంట్రల్‌లో రిటైరయ్యాడు, కానీ మేం ఇల్లు మారింది లేదు, ఆయన డ్యూటీకి నడిచిన దోవ మారింది లేదు. మా అవ్వ మాత్రం ఆఖరి దాకా "కంపెనీ ఇల్లు" అనే అంది.

ప్రశ్న: మా ఇంటి మూల మీద పాతిన పట్టా ముక్క స్తంభానికి ఒక పక్క ఉబ్బెత్తు అక్షరాలు, ఒక సంవత్సరం ఉన్నాయి. అది మన వీధి వేసిన సంవత్సరమేనా అక్కా? (బిట్రగుంట నుంచి ఒక సోదరి)

జవాబు: కాదమ్మా. చాలామంది అట్లే పొరబడతారు, నేనూ చిన్నప్పుడు అట్లే అనుకున్నాను. అది ఆ పట్టాను మిల్లులో సాగదీసిన సంవత్సరం. ఎర్రగా కాలిన ఉక్కు రోలర్ల మధ్య నలుగుతూ బయటికి వస్తుంది. రోలరు మీద అక్షరాలు లోతుగా చెక్కి ఉంటాయి గనక పట్టా నడుము మీద అవి ఉబ్బెత్తుగా తేలతాయి. అందులో సాధారణంగా చేసినవాళ్ల పేరు, పట్టా బరువు, నెల, సంవత్సరం ఉంటాయి. పాతవాటి మీద 90 అని కనిపిస్తే గజానికి 90 పౌండ్లని అర్థం. మన లెక్కలో మీటరుకు 45 కిలోలకు కాస్త తక్కువ. ఇప్పుడు మెయిన్ లైనులో వేసేవి మీటరుకు 60 కిలోలవి.

ఆ పట్టా మీ మూలకు తిన్నగా రాలేదు. ముందు మెయిన్ లైనులో మెయిళ్లను మోసి ఉంటుంది. తల అరిగాక లూపులైనుకో సైడింగుకో మార్చి ఉంటారు. అక్కడా పనికిరాకుండా పోయాక ఇంజనీరింగ్ వాళ్లు ముక్కలు కోసి కంచెలకు, దీపపు స్తంభాలకు, కాలువ మీద అడ్డాలకు వాడతారు. కాబట్టి ఆ సంవత్సరం కంటే ముందు ఆ స్తంభం అక్కడ పాతి ఉండరని మాత్రం గట్టిగా చెప్పొచ్చు, అంతకు మించి చెప్పలేం.

తుప్పు గీకొద్దు, అక్షరాలు పోతాయి. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడే వేళ చూడు, నీడలో అక్షరాలు లేస్తాయి. పల్చటి కాగితం అద్ది పెన్సిలు అడ్డంగా రుద్దితే ఇంకా బాగా వస్తాయి. మా పిల్లలతో బళ్లో నాణేల మీద చేయించేదాన్ని గదా, అట్లాగే. వీధిలో ఎన్ని స్తంభాలుంటే అన్నిటివీ తియ్యి. ఏ ఇంటి ముందుదో కాగితం మీదే రాసిపెట్టు.

ప్రశ్న: మా అమ్మమ్మ చివరి రోజుల్లో నిద్రలో ఉలిక్కిపడి "కాల్‌బాయ్ వచ్చాడు, లేవండి" అనేది. ఆమె పుట్టిల్లు మీ వీధిలోనే. కాల్‌బాయ్ అంటే ఎవరు? ఎందుకంత భయం? (గూడూరు నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ఈ ఉత్తరం చదివి చాలాసేపు అట్లాగే కూర్చున్నాను తల్లీ. మా అమ్మ కూడా అట్లే లేచేది.

ఇంజను ఎక్కేవాళ్లకు పొద్దున పోయి సాయంత్రం వచ్చే ఉద్యోగం కాదు. మెయిలుకు టైముంటుంది, గూడ్సుకు ఉండదు. గూడ్సు ఏ రాత్రికి తయారైతే ఆ రాత్రికి మనిషి కావాలి. ఇళ్లలో ఫోన్లు లేవు. అందుకని షెడ్డు ఆఫీసు నుంచి ఒక మనిషి కాల్ పుస్తకం పట్టుకుని ఇంటింటికీ వచ్చి పిలిచేవాడు. బండికి రెండు గంటల ముందు పిలుపు. ఆ మనిషే కాల్‌బాయ్. పేరుకు బాయ్ గానీ, నాకు గుర్తున్నాయన తల నెరిసినవాడు. చేతిలో లాంతరు, చంకలో పుస్తకం, చెవి మీద పెన్సిలు. కుక్కలకు కూడా ఆయన అడుగు తెలుసు, మొరిగేవి కావు.

తలుపు తట్టే తీరు ఒక్కో ఇంటికి ఒక్కోటి. పసిబిడ్డ ఉన్న ఇంట్లో కిటికీ చువ్వ మీద గోటితో కొట్టేవాడు. మా ఇంటి ముందు గొళ్లేన్ని మూడుసార్లు ఆడించి "డ్రైవరన్నా, కాల్!" అనేవాడు, అంతే. ఆ మూడో చప్పుడుకు మా అమ్మ పొయ్యి దగ్గర ఉండేది. నాయన స్నానం చేసే లోపల అన్నం ఉడకాలి. పోయేది ఏ ఊరి రన్నింగ్ రూముకో (డ్యూటీ దిగిన ఇంజను వాళ్లు పడుకునే చోటు), వచ్చేది రేపో ఎల్లుండో తెలియదు గనక రెండు పూటలకు సరిపడా కట్టేది. పెరుగన్నం, గోంగూర పచ్చడి, ఉంటే ఎండు నెత్తళ్ల వేపుడు. క్యారియరు, దుప్పటి, డిటొనేటర్లు, చేతి దీపం అన్నీ లైను బాక్సులో. డిటొనేటర్లున్న డబ్బీ మాత్రం మమ్మల్ని తాకనిచ్చేవాడు కాదు నాయన. ప్రమాదమైతే వెనకొచ్చే బండిని ఆపడానికి పట్టా మీద పెట్టే టపాకాయలవి.

నిజమైన భయం ఆ పుస్తకంలో ఉంది. అందులో పేరు, క్వార్టరు నంబరు, బండి, పిలిచిన టైము రాసి ఉంటాయి. పక్కన సంతకం పెట్టాలి. పెట్టాక రాకపోతే చార్జిషీటు. జ్వరమని చెప్పాలంటే రైల్వే డాక్టరు దగ్గరికి పోయి సిక్ లిస్టులో పడాలి. అమ్మమ్మ నిద్రలో అంతగా ఉలిక్కిపడిందంటే, తన పిలుపు కాదది, ఇంట్లో మగవాళ్లు ఆ పిలుపు వినకుండా నిద్రపోతారేమోనన్న ఆదుర్దా. మా వీధిలో ఆడవాళ్లెవరూ గాఢంగా నిద్రపోగా నేను చూడలేదు.

ఒక్కసారి ఆ సంతకం నేను పెట్టాను. 1971, వానాకాలం, నాకు పన్నెండేళ్లు. నాయన ముందురోజు పొద్దున పోయి ఆ సాయంత్రమే వచ్చి ఒళ్లు తెలియకుండా పడుకున్నాడు. అమ్మ బావి దగ్గరుంది. గొళ్లెం మోగితే నేను తలుపు తీశాను. "నాయన్ని లేపు పాపా" అన్నాడాయన. ఇంకాసేపు పడుకోనిస్తే ఏం పోతుందిలే అనిపించి "నేను పెడతా ఇవ్వు తాతా" అన్నాను. అటూ ఇటూ చూసి పుస్తకం చాచాడు. కాపీయింగ్ పెన్సిలు అది. మామూలుగా రాస్తే బూడిద రంగు, తడి తగిలితే ఊదా. నాలుక మీద అద్దుకుని నాయన పేరు మొత్తం గుండ్రంగా రాశాను, బళ్లో కాపీరైటింగ్ రాసినట్టు. లాంతరు వెలుగులో ఆ అక్షరాలు నేరేడు పండు రంగులో తడిగా మెరిశాయి. నాలుక రెండు రోజులు ఊదాగానే ఉంది.

నాయన లేచాక సంగతి తెలిసి నన్ను కొట్టలేదు. ఎదురుగా కూర్చోబెట్టుకుని, "పాపా, ఆ సంతకమంటే నేను మెలకువగా ఉన్నానని. మెలకువగా ఉన్నవాడి చేతిలోనే బండి పెడతారు. నువ్వు పెడితే అది అబద్ధమైతది" అన్నాడు. తర్వాత నలభై ఏళ్లు బళ్లో హాజరుపట్టీ ముందు కూర్చున్న ప్రతిసారీ ఆ మాట నా చెవుల్లో ఉంది.

ప్రశ్న: 1974 సమ్మెలో మా పెదనాన్న మీ వీధిలో కొన్నాళ్లు దాక్కున్నాడని విన్నాను. అప్పుడు వీధి ఎట్లా ఉండేది? (చీరాల నుంచి ఒక పాఠకుడు)

జవాబు: సమ్మె మే 8న మొదలై 27న ఆగింది. దేశం మొత్తం మీద రైల్వే కార్మికులు జార్జి ఫెర్నాండెజ్ నాయకత్వంలో పని ఆపారు. ఎనిమిది గంటల పని, బోనస్ ముఖ్యమైన కోరికలు. పద్నాలుగు గంటలు, పదహారు గంటలు పొయ్యి ముందు నిలబడి వచ్చే మనుషులను చూసి పెరిగిన నాకు ఎనిమిది గంటలనే కోరిక గొంతెమ్మ కోరికని ఏనాడూ అనిపించలేదు.

నాకు మొదట గుర్తొచ్చేది నిశ్శబ్దం. షెడ్డు కూత వినపడలేదు. పొద్దుపొడుపు, మధ్యాహ్నం, షిఫ్టు దిగడం, అన్నీ ఆ కూతతోనే తెలిసే వీధి మాది. అది లేకపోయేసరికి అమ్మకు అన్నం వేళ తెలిసేది కాదు. పొగ కూడా లేదు. మామూలు రోజుల్లో వడియాలు పెట్టాలంటే గాలి ఎటునుంచో చూసుకుని పెట్టాలి, షెడ్డు మీదుగా వస్తోందంటే సాయంత్రానికి నల్లగా అవుతాయి. ఆ ఇరవై రోజులు ఉతికిన గుడ్డలు తెల్లగా ఆరాయి. వాటిని చూసి అమ్మ ఏడ్చింది.

క్వార్టర్లు ఖాళీ చేయిస్తారన్న మాట వీధంతా పాకింది. ప్రతి ఇంట్లోనూ గిన్నెలు గోనెసంచుల్లో కట్టి పెట్టుకున్నారు. మేం అన్నం వండిన గిన్నె కడిగి మళ్లీ సంచిలో వేసేవాళ్లం. మగవాళ్లు రాత్రిళ్లు ఇళ్లలో పడుకోలేదు. కొందరు పొలాల్లో, కొందరు జువ్వలదిన్నె వైపు సముద్రపు పల్లెల్లో. చేపలు పట్టే పట్టపుకాపుల ఇళ్లలో వాళ్లకు అన్నం పెట్టారు. మీ పెదనాన్నగారు ఏ ఇంట్లో ఉన్నారో గానీ, ఆ రోజుల్లో మా వీధిలో ఎవరింటికి వచ్చినవాళ్లనూ "ఎవరు" అని అడిగే అలవాటు మానేశాం. బోనస్ 1979-80 నుంచి వచ్చింది. మొదటిసారి చేతికొచ్చినప్పుడు నాయన అందులో కొంత తీసి, సమ్మెలో ఉద్యోగం పోయిన ఒక ఫైర్‌మన్ ఇంటికి ఇచ్చి వచ్చాడు.

ప్రశ్న: తిరునాళ్లకు పోయే బిట్రగుంట, మీ బిట్రగుంట ఒకటేనా? (కందుకూరు నుంచి)

జవాబు: ప్రసన్న వేంకటేశ్వరస్వామి గుడి ఉన్నది కొండ బిట్రగుంటలో. మాది రైల్వే బిట్రగుంట. స్టేషనులో దిగి అక్కడికి పోవాలి.

ప్రశ్న: ఇన్‌స్టిట్యూట్ ముందు పెద్ద నిద్రగన్నేరు చెట్టు ఉండేది. దాని కింద క్యారమ్స్ ఆడేవాళ్లం. ఈమధ్య వస్తే లేదు. ఎవరు కొట్టేశారు? (చెన్నైలో స్థిరపడిన ఒక పాఠకుడు)

జవాబు: ఎవరూ కొట్టలేదండీ, తుఫాను పడగొట్టింది. 1989 నవంబరు 8 రాత్రి. థాయిలాండు అవతల సముద్రంలో పుట్టి, ఆ నేల దాటి, బంగాళాఖాతమంతా ఈదుకుంటూ వచ్చి సరిగ్గా మన కావలి దగ్గర తీరం దాటింది. అప్పటికి నాకు మూడేళ్ల బిడ్డ. రాత్రంతా బిడ్డను ఒళ్లో పెట్టుకుని వంటింటి గోడకు ఆనుకుని కూర్చున్నాను. మంగుళూరు పెంకులు ఒక్కొక్కటే లేచిపోతుంటే చేటలో బియ్యం ఎగిరినట్టు చప్పుడు.

తెల్లారి చూస్తే చెట్టు వేళ్లతో సహా పడి ఉంది. గుంట అంచున నిలబడి చూశాను. పైన జానెడు ఎర్రమట్టి. దాని కింద మూరెడు మందాన నల్లటి సిండరు, గరగరలాడే బూడిద, అక్కడక్కడా గాజులా మెరిసే చిట్టెం ముక్కలు. దాని కింద మళ్లీ నల్లరేగడి. షెడ్డులో ఇంజన్ల కింద లాగేసిన బూడిద తెచ్చి పల్లం పూడ్చి, దాని మీద మా వీధి వేశారన్నమాట. వానొస్తే ఊరంతా బురదైనా మా వీధిలో నీళ్లు నిలవకపోవడానికి కారణం నాకు ముప్పై ఏళ్లొచ్చాక ఆ గుంట దగ్గర తెలిసింది. చిట్టెం ముక్క ఒకటి తెచ్చుకున్నాను. ఇప్పటికీ నా బల్ల మీద కాగితాలెగరకుండా అదే ఉంది.

అప్పటికే షెడ్డు బాగా తగ్గిపోయింది. 1980 వచ్చేసరికి విజయవాడ నుంచి మద్రాసు దాకా కరెంటు తీగ పడింది. కరెంటు ఇంజనుకు బూడిద లేదు, నీళ్లక్కర్లేదు, రెండు వైపులా ముఖమే గనక తిప్పే పనే లేదు. మా ఊళ్లో ఆగాల్సిన అవసరం అన్నివిధాలా పోయింది. నాయన యాభై దాటాక కరెంటు ఇంజను నేర్చుకున్నాడు. మొదటిసారి నడిపి వచ్చిన రోజు చొక్కా విప్పి అమ్మకిస్తూ "ఉతకక్కర్లేదులే" అన్నాడు. అమ్మ అయినా ఉతికింది.

ప్రశ్న: మా నాన్నగారు షెడ్డు ఆఫీసులో గుమాస్తాగా చేసి పోయారు. అటక మీద ట్రంకు పెట్టెలో పాత పుస్తకాలు నాలుగు దొరికాయి. పేర్లు, నంబర్లు, సంతకాలు ఉన్నాయి. తూకానికి వేద్దామని మా అబ్బాయి అంటున్నాడు. వేటికైనా పనికొస్తాయా? (నెల్లూరు నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: తూకానికి వెయ్యొద్దమ్మా, మీకు దణ్ణం పెడతాను. మీరు రాసిన దాన్నిబట్టి అవి కాల్ పుస్తకాలే. ముందు వాటిని అటక మీద నుంచి దించండి. తడి చెయ్యి, తడి గుడ్డ తగలనివ్వొద్దు. కాపీయింగ్ పెన్సిలు రాత తడి తగిలితే ఊదాగా పారి పక్క పేజీకి అంటుకుంటుంది. లామినేషన్ చేయించొద్దు, అట్టలు అతికించొద్దు. పాత పంచె ముక్కలో చుట్టి, గాలి ఆడేచోట పడుకోబెట్టి ఉంచండి. మీ అబ్బాయి ఫోనుతో ఒక్కో పేజీ పగటి వెలుతురులో ఫొటో తీస్తే చాలు. మా వీధిలో ఏ ఇంట్లో ఎవరున్నారో, ఏ రాత్రి ఎవరిని లేపారో ఇంత వివరంగా ఇంకెక్కడా రాసి లేదు. పత్రిక ఆఫీసుకు కబురు పెట్టండి, బస్సెక్కి నేనే వస్తాను.

ఆ నాలుగింట్లో 1971ది గనక ఉంటే, వానాకాలం పేజీలు కాస్త నెమ్మదిగా తిప్పండి. ఒకచోట డ్రైవరు సంతకం ఉండాల్సిన గడిలో గుండ్రటి అక్షరాలతో పేరు మొత్తం, గీత దాటి రాసి ఉంటుంది. అది నా చేతిరాత.